పూర్వ విద్యార్థుల సంఘం వార్షిక నివేదిక, 2024-25

సభ్యులందరికీ నమస్కారం.

ముందుగా ఒక తప్పు ఒప్పుకోవాలి. కిందటేడు వసూలైన చందాల్లో చాలా భాగం మన జెడ్పీ హైస్కూలు ఆర్చికే పోయింది. ఆర్చి బాగుంది, దాని మీద దాతల పేర్లూ బాగున్నాయి. దాని కిందుగా బడికి వెళ్లే ఆరో తరగతి పిల్లల్లో కొందరు రెండో తరగతి వాచకం కూడా తడుముకుంటున్నారన్న సంగతి మాత్రం మనకు తెలీదు. మనం అడగనూ లేదు.

చెప్పింది హెచ్‌ఎం మేడమే. నాడు-నేడు పనుల్లో గదులు, బల్లలు ముందే వచ్చాయి కదా, ఈసారి ఏం కొనిపెట్టమంటారని అడగబోతే, "కొనేదేం లేదండీ, వారానికి రెండు పూటలు వచ్చి పిల్లలు చదువుతుంటే వినండి" అన్నారు.

రోజూ మొదటి అరగంట చదవడానికే కేటాయించారు. తరగతిని బట్టి కాకుండా, ఎవరు ఎంతవరకు చదవగలరో చూసి గుంపులు చేశారు. అక్షరాలు కూడబలుక్కునే గుంపును మేడమే తీసుకున్నారు. స్టాఫ్ రూమ్‌లో గొణుగుడు మొదలైంది. సిలబస్ ఎప్పుడు పూర్తవుతుంది, పదో తరగతి రిజల్ట్స్ టెన్షన్ ఎవరు పడాలి అని. ఆవిడ ఎవర్నీ గద్దించలేదు. శనివారం తన క్లాసుకే టీచర్లను పిలిచి, తప్పులు చెప్పమన్నారు. "మీరే ఎక్కువ మాట్లాడుతున్నారు మేడమ్" అన్నారు లెక్కల సారు. ఆ తర్వాతి వారం తన క్లాసుకు రమ్మని ఆయనే పిలిచారు. నా లెక్కలో ఈ ఏడాది బడిలో జరిగిన పెద్ద మార్పు అదే.

విద్యాహక్కు చట్టం ప్రకారం స్కూల్ కమిటీలో ముప్పాతిక మంది తల్లిదండ్రులే ఉండాలి, మొత్తం సభ్యుల్లో సగం మంది ఆడవాళ్లు కావాలి. ఇన్నాళ్లూ మన ఊళ్లో అమ్మలు మినిట్స్ బుక్కులో సంతకానికే వచ్చేవాళ్లు. డిసెంబర్ 7న రాష్ట్రమంతా జరిగిన తల్లిదండ్రుల సమావేశంలో మాత్రం ఒకామె లేచి, మా పిల్లకు మార్కులు సరే, చదవడం వచ్చిందా అని అడిగింది. జవాబు చెప్పడానికి టీచర్ల దగ్గర గుంపుల రిజిస్టరు ఉంది.

అమెరికా సభ్యులు పెట్టిన ఆన్‌లైన్ ఇంగ్లీషు క్లాసు నెలకే ఆగిపోయింది. వాళ్లకు రాత్రి, మనకు పొద్దున, పిల్లలకేమో సిగ్గు. ఖర్చులో మూడు బీరువాలు, కథల పుస్తకాలు ఉన్నాయి. లెక్కలు కోశాధికారి చదువుతారు.

వేసవి బదిలీల్లో మేడమ్ వెళ్లిపోయారు. కొత్త సారు జూన్ 12న బడి తెరిచేనాటికి చేరారు. అరగంట చదువు కొనసాగించాలని కమిటీ తీర్మానం రాసిచ్చింది. సారు ఒక నెల చూస్తానన్నారు. ప్రహరీకి రంగులు వేయించాలన్న ప్రతిపాదన కూడా సభ ముందుంది. కార్యవర్గానికి అది ఇష్టం లేదు, ఓటు మీది. పిల్లల చదువు వినడానికి సోమవారాలకు మనుషులున్నారు, గురువారాలకు ఇంకా ఇద్దరు కావాలి.

కార్యదర్శి