ఫోను పెట్టె మీద గడువు తేదీ ఏది?

సంపాదకుడు గారికి నమస్కారం.

అంబాజీపేట దగ్గర నాకు చిన్న పురుగుమందుల దుకాణం ఉంది. తయారీ తేదీ, గడువు తేదీ లేని సీసా ఒక్కటి కూడా నేను అమ్మడానికి వీల్లేదు. గడువు దాటిన సరుకును పక్కకు తీయాలి, ‘అమ్మకానికి కాదు’ అని ముద్ర వేయాలి, ‘గడువు తీరిన మందులు’ అని బోర్డు పెట్టి విడిగా ఉంచాలి. మంచి సరుకులో కలిసిపోయి ఉండగా తనిఖీ అధికారి కంటబడితే లైసెన్సుకే ఎసరు. నాలుగు సీసాల మందుకు ఇంత కట్టుదిట్టం ఉన్నచోట, వేలకు వేలు పోసి కొనే ఫోనుకు గడువు ఎప్పుడో చెప్పే నాథుడు లేడేమిటి? గత నెలలో మొదలైన ఈ అనుమానమే నా చేత ఈ ఉత్తరం రాయిస్తోంది.

నా ఫోను 2018 దసరాకు కొన్నది. కోనసీమ ఉక్కపోతలో చొక్కా జేబులోనే ఇన్నేళ్లు గడిపింది. ఒకసారి బ్యాటరీ ఉబ్బి వెనక మూత లేచిపోతే అమలాపురంలో మార్పించాను. కెమెరా ఇప్పటికీ నిక్షేపంలా ఉంది. కొబ్బరాకు అడుగున తెల్లదోమ చుట్టిన సుడులను రైతులు ఫొటో తీసి వాట్సాప్‌లో పంపితే, వేలితో పెద్దది చేసి చూసి, నీళ్లు గట్టిగా చిమ్మితే సరిపోతుందో లేదో చెబుతుంటాను. నా పనికి దానిలో ఏ లోటూ లేదు.

అలాంటిది ఒక ఉదయం బ్యాంకు యాప్ తెరిస్తే, ఈ ఫోనులో ఇకపై పనిచేయదని ఒక్క వాక్యం చూపించి ఊరుకుంది. అప్పుడే ఒక రైతు నా క్యూఆర్ కోడ్ మీద డబ్బు వేసి, ‘వచ్చాయాండీ?’ అని ఎదురుగా నిలబడ్డాడు. వచ్చాయో లేదో చూసుకునే దారి లేదు. మొహమాటానికి వచ్చాయనే అన్నాను. సాయంత్రం మా అబ్బాయి ఆ ఫోను సెట్టింగుల్లోకి వెళ్లి ఒక వరుస చూపించాడు. చివరి సెక్యూరిటీ అప్‌డేట్, అంటే ఫోనులోకి దొంగలు దూరే సందులు మూయడానికి కంపెనీ పంపే సవరణ, 2020 నవంబరుది. అంటే కొన్న రెండేళ్లకే తయారీదారు చేతులు దులుపుకున్నాడు. ఆ తర్వాత ఇన్నేళ్లూ నేను గడువు తీరిన సరుకునే జేబులో పెట్టుకుని తిరిగానన్నమాట.

కొత్తది కొనడానికి వెళ్లాను. దుకాణంలో కుర్రాడు యాభై మెగాపిక్సెళ్లు, ఎనిమిది జీబీ ర్యామ్ అంటూ ఏకరువు పెట్టాడు. సెక్యూరిటీ అప్‌డేట్లు ఎన్నాళ్లు వస్తాయని అడిగాను.

‘వస్తాయండి.’

‘అదే, ఎన్నాళ్లు?’

‘వస్తూనే ఉంటాయి బాబాయి గారూ.’

యజమానిని పిలిస్తే, ఈ మాట ఇంతవరకు ఎవరూ అడగలేదని నవ్వేశాడు. తప్పు వాళ్లది కాదు. పెట్టె తిప్పి చూశాను. గరిష్ఠ చిల్లర ధర, తయారైన నెల, దిగుమతిదారు చిరునామా, రెండు ఐఎంఈఐ నంబర్లు, రేడియేషన్ లెక్క కూడా ఉన్నాయి. నేను అడిగింది మాత్రం లేదు. ఇంకో సంగతి, ఆ ఫోను తయారై ఏడాది దాటింది. అప్‌డేట్ల కాలాన్ని చాలా కంపెనీలు మనం కొన్న రోజు నుంచి కాదు, ఆ మోడల్ బజారులోకి వచ్చిన రోజు నుంచి లెక్కిస్తాయి. దసరాకో సంక్రాంతికో మూడు వేలు తగ్గించారని సంబరపడి తెచ్చుకున్న ఫోనుకు అప్పటికే సగం ఆయుష్షు అయిపోయి ఉండవచ్చు. గడువు దగ్గర పడ్డ మందును నేనూ తగ్గించి అమ్ముతాను. కానీ తేదీ రైతుకు కనబడుతూనే ఉంటుంది.

పన్నెండు వేల ఫోనుకు ఇంకా రెండేళ్లే అప్‌డేట్లు ఉన్నాయనుకోండి, నెలకు 500 రూపాయలు పడుతుంది. పద్దెనిమిది వేల ఫోనుకు ఆరేళ్లు ఉంటే నెలకు 250. ఏది చవక? తేదీ తెలియనిదే ఈ లెక్క వేయడానికే కుదరదు. కంపెనీలకు చేతకాక కాదు. 2023 అక్టోబరులో గూగుల్ తన పిక్సెల్ 8కి, 2024 జనవరిలో శామ్‌సంగ్ తన ఎస్24కి ఏడేళ్ల అప్‌డేట్లు ఇస్తామని ప్రకటించాయి. అవి మనలాంటి వాళ్లు కొనే ధరలు కావు, నిజమే. అయితే అదే శామ్‌సంగ్ 2024లోనే ఇరవై వేల లోపు ఏ16కి ఆరేళ్లు ఒప్పుకుంది. ఇదంతా ఇంటర్నెట్‌లో వెతికితే దొరుకుతుంది, పెట్టె మీద దొరకదు.

బ్రిటన్‌లో 2024 ఏప్రిల్ 29 నుంచి, నెట్‌కు కలిసే పరికరాలకు సెక్యూరిటీ అప్‌డేట్లు కనీసం ఎప్పటివరకు ఇస్తారో తయారీదారు బయటపెట్టి తీరాలి. యూరోపియన్ యూనియన్ 2025 జూన్ 20 నుంచి ఇంకాస్త ముందుకు వెళ్లింది. అక్కడ లెక్క మోడల్ వచ్చిన రోజు నుంచి కాదు, దాని అమ్మకం ఆగిన రోజు నుంచి. అప్పటినుంచి కనీసం ఐదేళ్లు అప్‌డేట్లు, ఏడేళ్లు విడిభాగాలు దొరకాలి. మన దగ్గర కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ వేసిన కమిటీ, ఫోన్లు ఎంత తేలిగ్గా బాగుచేయించుకోవచ్చో తెలిపే సూచీపై 2025 మేలో నివేదిక ఇచ్చింది. మంచిదే. అయితే సూచీ అంటే మార్కులు. నేను అడిగేది మార్కులు కాదు, నెల, సంవత్సరం. తయారైన నెలను పెట్టె మీద వేయిస్తున్నది 2011 నాటి ప్యాకేజీ సరుకుల నిబంధనలే, అవి ఉన్నదీ ఆ శాఖ చేతిలోనే. దాని పక్కన ఇంకొక్క వరుస చేర్చడానికి కొత్త చట్టం కూడా అక్కర్లేదనుకుంటాను.

రాష్ట్ర ప్రభుత్వానికీ ఇందులో పాత్ర ఉంది. 2025 జనవరి 1 తర్వాత ఆండ్రాయిడ్ 4.4 అనే పాత సాఫ్ట్‌వేర్ ఉన్న ఫోన్లలో వాట్సాప్ ఆగిపోయింది. అదే నెల 30న మన ప్రభుత్వం 161 సేవలతో ‘మన మిత్ర’ను వాట్సాప్‌లోనే ప్రారంభించింది. అంత పాత ఫోన్లు ఇప్పుడు కొద్దిగానే ఉండవచ్చు, కానీ వరుసలో తర్వాతివి ఉన్నాయి. కార్యాలయానికి రానక్కర్లేదు, ఫోను చాలు అన్నప్పుడు ఏ ఫోను ఎన్నాళ్లు చాలుతుందో చెప్పించే పూచీ కూడా ప్రభుత్వం తీసుకోవాలి. పెట్టె మీద ఆ ఒక్క వరుస కోసం మన ఎంపీలు పార్లమెంటులో ఒక్క ప్రశ్న వేసినా చాలు.

పాత ఫోనుకు కాలం తీరితే మోసాలన్నీ దాన్నుంచే వస్తాయని నేను అనను. చాలా మోసాలు మన వేలు నొక్కడం వల్లే జరుగుతున్నాయి. అయినా తెలిసి తెలిసి గొళ్లెం ఊడిన తలుపు పక్కన పడుకోలేం కదా.

ఆరేళ్ల హామీ ఉన్న ఫోనే కొన్నాను. మోడల్ ఎప్పుడు వచ్చిందో వెతికి, అప్‌డేట్లు ఆగే నెల లెక్కగట్టి, పెట్టె మీద మార్కరుతో నేనే రాసుకున్నాను. పాతది మా దుకాణంలో పనిచేసే కుర్రాడు అడుగుతున్నాడు. పాటలకైతే తీసుకో, డబ్బు వ్యవహారాలకు వద్దురా అన్నాను. ‘నా బ్యాంకు యాప్ ఇందులో ఇంకా తెరుచుకుంటోందండీ’ అంటున్నాడు.

ఇట్లు,
ఒక పురుగుమందుల దుకాణదారుడు,
అంబాజీపేట మండలం, కోనసీమ జిల్లా