సైడ్ ఎఫెక్ట్స్ లేవని రాయకండి

సంపాదకుడు గారికి,

నమస్కారం. మీ ఆరోగ్యం పేజీ నేను వదలకుండా చదువుతాను. కిందటి వారం ఒక మూలికల క్యాప్సూల్ గురించి వేసిన వ్యాసం చివర్లో 'సహజమైనది కాబట్టి సైడ్ ఎఫెక్ట్స్ ఏమీ ఉండవు' అని ఉంది. ఆ పేజీలో ఈ మాట చూడటం ఇదే మొదటిసారి కాదు. ఆ మాట గురించే ఈ ఉత్తరం.

నాకు చాలా ఏళ్లుగా థైరాయిడ్ సమస్య ఉంది. పొద్దున లేవగానే పరగడుపున లెవోథైరాక్సిన్ మాత్ర వేసుకుంటాను. మధ్యలో ఎముకలకు మంచిదని ఎవరో చెబితే కాల్షియం మాత్రలు మొదలుపెట్టాను. మర్చిపోకుండా ఉంటుందని రెండూ ఒకేసారి మింగేసేదాన్ని. కొన్ని నెలలకు ఒకటే నీరసం. పరీక్ష చేయిస్తే టీఎస్‌హెచ్, అంటే ఒంట్లో థైరాయిడ్ హార్మోన్ చాలనప్పుడు పెరిగే అంకె, బాగా పెరిగింది. డాక్టర్ గారు డోసు పెంచారు, అయినా దిగలేదు, మళ్లీ పెంచారు. 'వేరే మందులేమైనా వాడుతున్నారా?' అని ఆయన అడిగిన మాట నిజం. లేదన్నాను. అబద్ధం చెప్పాలని కాదు, నా లెక్కలో కాల్షియం మందే కాదు. చివరికి నా చేతిలో రెండు డబ్బాలూ చూసిన ఒక ఫార్మసిస్టు, వీటి మధ్య నాలుగు గంటల తేడా ఉండాలి కదమ్మా అన్నారు. కాల్షియం ఆ మందును కడుపులోనే పట్టేసి ఒంటికి సరిగా అందనివ్వదట. ఐరన్ మాత్రలతోనూ ఇదే గొడవ. వేళలు మార్చాక డోసు మళ్లీ పాత అంకెకు వచ్చింది.

అప్పటి నుంచి నాకు ఒక అలవాటైంది. మందు డబ్బాలో మడతలు మడతలుగా పెట్టే కాగితం చదువుతాను. విప్పితే దుప్పటంత ఉంటుంది, చదివితే భయమేస్తుంది. పక్కనే ఆకు బొమ్మ ఉన్న సీసాలో అలాంటి కాగితం ఉండదు, మనసుకు హాయిగా ఉంటుంది. ఆ హాయే మోసం. కాగితం పొడుగ్గా ఉందంటే ఆ మందు వేసుకున్నవాళ్లకు ఏమేం జరిగిందో ఎవరో కూర్చుని లెక్క రాశారని. కాగితం లేని సీసాకు చాలాసార్లు ఆ లెక్కే లేదు. లెక్క తీయకపోవడం వేరు, హాని లేకపోవడం వేరు.

మందులకైనా ఈ లెక్క ఊరికే రాలేదు. 1950ల చివర్లో గర్భిణుల వికారానికి థాలిడొమైడ్ ఇచ్చారు. 1961లో దాన్ని వెనక్కి తీసుకునే సరికే వేలమంది పిల్లలు కాళ్లూ చేతులూ సరిగా లేకుండా పుట్టారు. ఆ తర్వాతే చాలా దేశాల్లో చట్టాలు గట్టిపడ్డాయి. సప్లిమెంట్ల సంగతి అలా కాదు. అమెరికాలో 1994 నాటి చట్టం ప్రకారం, పనిచేస్తుందనీ సురక్షితమనీ ముందుగా ప్రభుత్వానికి రుజువు చేసి అనుమతి తెచ్చుకోకుండానే వాటిని అమ్మొచ్చు.

ఓపిగ్గా లెక్క తీసినప్పుడు ఏం బయటపడుతుందో బీటా కెరోటిన్ కథ చెబుతుంది. కూరగాయలు, పళ్లు బాగా తినేవాళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్ తక్కువ కనిపించింది. అయితే వాటిలో ఉండే బీటా కెరోటిన్‌ను మాత్ర చేసి ఇస్తే సరి అనుకున్నారు. ఎవరికైనా సబబుగానే తోస్తుంది. ఫిన్లండ్‌లో పొగతాగే మగవాళ్లు 29,133 మందితో ఏళ్ల తరబడి పరీక్షించి 1994లో ఫలితం చెప్పారు. మాత్ర వేసుకున్నవాళ్లలో ఆ క్యాన్సర్ తగ్గకపోగా 18 శాతం ఎక్కువైంది. అమెరికాలో అలాంటిదే ఇంకో పరీక్షను 1996లో మధ్యలోనే ఆపేయాల్సి వచ్చింది. ఇది విషమేం కాదు, విటమిన్ ఏకి ముడిసరుకు. అంత మందిని రెండు గుంపులుగా పెట్టి చూడకపోతే ఈ సంగతి ఏ ఒక్క డాక్టరుకూ, ఏ ఒక్క రోగికీ తెలిసేది కాదు. 'మా ఇంట్లో వాడాం, బాగా పనిచేసింది' అనే మాటను అందుకే నేను వింటాను గానీ నమ్మను.

అలాగని విటమిన్లు వద్దనేదాన్ని కాదు. గర్భానికి ముందు నుంచీ ఫోలిక్ యాసిడ్ వేసుకుంటే బిడ్డకు వెన్నుపాము లోపాలు చాలావరకు తప్పుతాయని 1991లో రుజువైంది. అదీ లెక్క తీశాకే తేలింది. మూలికల మీదా కోపం లేదు. మలేరియాకు వాడే ఆర్టెమిసినిన్ ఒక మొక్క నుంచే వచ్చింది, దాన్ని వెలికితీసిన చైనా శాస్త్రవేత్త టు యూయూకు 2015లో నోబెల్ ఇచ్చారు. కానీ మొక్కే కదా అని బెల్జియంలో 1990ల మొదట్లో బరువు తగ్గడానికి మూలికలు మింగిన ఆడవాళ్లలో సుమారు వంద మందికి కిడ్నీలు పాడయ్యాయి. ఒక మూలిక బదులు కిడ్నీలను దెబ్బతీసే అరిస్టోలోకియా జాతి మొక్క కలిసింది. రెండూ చెట్లే మరి. దిగులుకు వాడే సెయింట్ జాన్స్ వోర్ట్ అనే మూలికది ఇంకో రకం. అది గర్భనిరోధక మాత్రల, అవయవ మార్పిడి మందుల పనిని తగ్గించేస్తుంది.

ఇంకో రకం హానిని మీ పేజీ అసలు తలవదు. వాడేది నీళ్లంత నిరపాయమైనా, దాని కోసం మానేసిన వైద్యం మాటేమిటి? నయం చేయగలిగే క్యాన్సర్లకు ప్రత్యామ్నాయ వైద్యం మాత్రమే ఎంచుకున్న 281 మందిని మామూలు చికిత్స తీసుకున్నవాళ్లతో పోల్చిన ఒక అధ్యయనం 2018లో వచ్చింది. మొదటివాళ్లలో చావు ముప్పు రెండున్నర రెట్లు ఉంది.

మందుల గురించి మీరు రాసే వార్తలూ నాకు నచ్చవని చెప్పాలి. 'ముప్పు సగానికి తగ్గుతుంది' అని హెడ్డింగ్ పెడతారు. వెయ్యి మందిలో ఇద్దరికి వచ్చేది ఒక్కరికి తగ్గినా సగమే, రెండు వందల మందికి వచ్చేది వందకు తగ్గినా సగమే. ఏది అన్నది రాయరు. అది తెలియకుండా నేను దేన్ని దేనితో తూచుకోవాలి?

వచ్చే వారం అశ్వగంధ గురించి వేస్తామని ప్రకటించారు. వేయండి. ఎంత మోతాదు, ఎన్నాళ్లు, ఎవరు వాడకూడదు, ఏ మందులతో పడదు అనేవి కూడా అదే సైజు అక్షరాల్లో వేయండి. దాన్ని వాడినవాళ్లలో కొందరికి కాలేయం దెబ్బతిన్న కేసులు నమోదయ్యాయి. థైరాయిడ్ హార్మోన్‌నూ అది అటూ ఇటూ చేయగలదు. నాలాంటివాళ్లు ఆ పేజీ చదువుతారని మీకు గుర్తు చేయడానికే ముందుగా రాస్తున్నాను.

ఇట్లు,
మీ పాఠకురాలు