లోబడమన్నారు సరే, లెక్క అడగొద్దని ఎక్కడుంది?

సంపాదకులు గారికి,

ఈ మధ్య మీ భక్తి పేజీలో సంఘ కాపరికి, అంటే పాస్టరుగారికి, లోబడి ఉండాలని వచ్చిన వ్యాసాన్ని మా సంఘం వాట్సాప్ గ్రూపులో ఒకటికి నాలుగుసార్లు తిప్పారు. ఊరికే తిప్పలేదు లెండి, మందిరం కట్టడానికి ఎత్తిన కానుకల లెక్క అడిగిన మా చిన్నాన్న కుటుంబానికి తగలాలనే తిప్పారు. అందులో మీ నాయకులకు లోబడండి అనే హెబ్రీ పత్రిక 13:17 ఎత్తుకుని, అక్కడి నుంచి కోరహు దగ్గరికి వెళ్లి, మోషేని ప్రశ్నించిన వాళ్లని భూమి నోరు తెరిచి మింగేసింది కాబట్టి దైవజనుణ్ణి ప్రశ్నించకూడదు అని తేల్చేశారు.

నేను పుట్టిందీ పెరిగిందీ సంఘంలోనే, లోబడటం అంటే నాకేం చేదు కాదు. నెల జీతం అంటూ లేకపోయినా, ఎవరికో ఒంట్లో బాలేదంటే అర్ధరాత్రి బండేసుకుని ఆస్పత్రికి వచ్చి ప్రార్థన చేసి, తెల్లారి ఇంకో ఊళ్లో కూడిక నడిపే అయ్యగార్లు మన జిల్లాల్లో బోలెడుమంది. అలాంటాయన తాగి భార్య మీద చెయ్యి చేసుకున్నవాణ్ణి కూర్చోబెట్టి గట్టిగా మందలిస్తే వాడు నోరు మూసుకుని వినాలి. ఆ వచనం ఉన్నది అలాంటి చోట్ల కోసమే. అయితే దాన్ని సగమే చదువుతున్నారు. ఆ నాయకులు మీ ఆత్మల విషయంలో లెక్క ఒప్పజెప్పాల్సినవాళ్లు అన్న ముక్క కూడా అదే వచనంలో ఉంది, వ్యాసంలో మాత్రం కనపడలేదు.

కోరహు కథ కూడా అంతే. సంఖ్యాకాండం 16లో ఆ గొడవ మధ్యలో మోషే దేవుడితో ఏమన్నాడో చూడండి. వీళ్ల దగ్గర నేను ఒక్క గాడిదనైనా తీసుకోలేదు, వీళ్లలో ఒక్కడికీ హాని చేయలేదు అన్నాడు. అంటే ఆయన తన చేతులు శుభ్రంగా ఉన్నాయని ముందు చెప్పుకున్నాడు, ఆ తర్వాతే భూమి నోరు తెరవడం. సమూయేలైతే ఇంకో మెట్టు పైకెళ్లాడు. ముసలితనంలో ఇశ్రాయేలు జనమంతటినీ నిలబెట్టి, నేను ఎవరి ఎద్దునైనా తీసుకున్నానా, ఎవరి దగ్గరైనా లంచం పట్టానా, ఉంటే ఇప్పుడే చెప్పండి, తిరిగిచ్చేస్తాను అని తనే అడిగాడు. అడగమన్నవాడు ప్రవక్త, అడిగితే శాపం తగులుతుందనేవాడు మన పాస్టరుగారు!

డబ్బు విషయంలో పౌలు ఇంకా జాగ్రత్తపరుడు. యెరూషలేములో ఉన్న పేద విశ్వాసుల కోసం పోగుచేసిన చందా పంపేటప్పుడు, తన మీద ఎవరూ వేలెత్తకూడదని తన తోటి సేవకుడు తీతుతో పాటు సంఘాలు ఎన్నుకున్న ఒక సహోదరుణ్ణి కూడా పంపించాడు. రెండో కొరింథీ ఎనిమిదో అధ్యాయంలో ఉంది ఇది. అపొస్తలుడికే పక్కన సాక్షి కావాల్సి వస్తే మనవాళ్లకి అక్కర్లేదా?

ఇక "అభిషిక్తుణ్ణి", అంటే దేవుడు ఏర్పరచుకున్నవాణ్ణి, "ముట్టకూడదు" అనే మాట. తనని చంపాలని తరుముతున్న సౌలు రాజు గుహలో చిక్కినా దావీదు చంపలేదు, నిజమే. చంపకుండా ఊరుకున్నాడా? బయటికొచ్చి, తను కోసిన సౌలు చెంగు ముక్క చూపించి, నన్నెందుకు తరుముతున్నావని కేకేసి మరీ అడిగాడు. సౌలు ఏడ్చి తప్పు ఒప్పుకున్నా కూడా దావీదు మళ్లీ ఆయన ఇంటికి వెళ్లి కాపురం పెట్టలేదు. ఈ భాగం మీద నేనింతవరకు ఒక్క ప్రసంగం కూడా వినలేదు.

మా చిన్నాన్న అడిగింది పెద్ద విషయమేం కాదు. ఆదివారం ఆశీర్వాదం అయ్యాక అందరూ చాపలు చుడుతుంటే పాస్టరుగారి దగ్గరికెళ్లి, అయ్యగారూ, స్థలం రిజిస్ట్రేషన్ సంఘం పేరు మీద కాకుండా అమ్మగారి (అంటే పాస్టరుగారి భార్య) పేరు మీద ఎందుకుందండీ అన్నాడు. గట్టిగా కూడా అనలేదు. మరుసటి ఆదివారం ప్రసంగం అంతా మోషేకి వ్యతిరేకంగా మాట్లాడినందుకు మిర్యాముకి వచ్చిన కుష్ఠు గురించి. ఆ తర్వాత నెల మొదటి వారం రొట్టె, ద్రాక్షరసం తీసుకునే ప్రభు బల్ల దగ్గర మా పిన్నిని కూడా పక్కన నిలబెట్టేశారు, ఆవిడ ఏం చేసిందో ఎవరూ చెప్పలేదు. చెల్లెలి సంబంధం కుదిరి అబ్బాయి తరఫువాళ్లు సంఘం నుంచి ఉత్తరం తెమ్మంటే, ముందు అందరి ముందు క్షమాపణ చెప్పాకే ఇస్తామన్నారు.

జనం నోరు మెదపకపోవడానికి అసలు కారణం భక్తి అనుకుంటే పొరపాటు. మాలాంటి సంఘంలో పెళ్లి చేయాలంటే 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టం కింద లైసెన్సు ఉన్న పాస్టరు కావాలి, ఊళ్లో ఆయనొక్కడికే ఉంటుంది. చనిపోతే సమాధుల తోటలో చోటు కావాలి, దాని తాళం కూడా ఆయన దగ్గరే. ఇంట్లో పెళ్లికెదిగిన పిల్ల, మంచాన పడ్డ తల్లి ఉన్నవాడు ఎంత అన్యాయం కనపడినా తలొంచుకుని ఆమెన్ అంటాడు.

ఈ మధ్య "ఆత్మీయ కవరింగ్" అని ఒకటి మన స్టేజీల మీద కూడా వినిపిస్తోంది. ఉద్యోగం మారినా, ఇల్లు కొన్నా కాపరి అనుమతి కావాలట. 1970లలో అమెరికాలో, ఫ్లోరిడాలోని ఫోర్ట్ లాడర్‌డేల్ కేంద్రంగా ఐదుగురు బోధకులు సరిగ్గా ఇదే నడిపారు. కుటుంబాలు నలిగిపోయాయి. చివరికి ఆ ఐదుగురిలో ఒకరైన బాబ్ మమ్‌ఫర్డ్ బహిరంగంగా క్షమాపణ అడిగారు. అక్కడ వాళ్లు వదిలేసినదాన్ని మనం ఇప్పుడు కొత్తగా ఎత్తుకోవడం దేనికో అర్థం కాదు.

సంఘ పెద్ద మీద ఫిర్యాదుకు ఇద్దరు ముగ్గురు సాక్షులు ఉండాలని తిమోతికి రాసిన మొదటి పత్రికలో ఉంది, ఆ నియమం న్యాయమే. గాలి మాటలతో సేవకుణ్ణి రచ్చకీడ్చకూడదు. కానీ రిజిస్ట్రార్ ఆఫీసు కాగితం గాలి మాట కాదు కదా. సొసైటీగా రిజిస్టరైన సంఘమైతే 2001 నాటి సొసైటీల చట్టం ప్రకారం ఏటా సర్వసభ్య సమావేశం పెట్టి లెక్కలు చూపించాలి కూడా. మా దగ్గర ఆ సమావేశం జరిగినట్టు ఎవరికీ గుర్తులేదు.

చిన్నాన్నవాళ్లు ఇప్పుడు పక్క ఊరి సంఘానికి వెళ్తున్నారు. చెల్లి పెళ్లి అక్కడి అయ్యగారే చేయబోతున్నారు. ఆయన ప్రతి నెలా జమాఖర్చులు తలుపు పక్క నల్లబోర్డు మీద సుద్దతో రాయిస్తారు, మైకు రిపేరు డబ్బులతో సహా. పోయిన నెల టీ ఖర్చు ఎక్కువైందని ఒక పెద్దావిడ నిలదీస్తే, ఆయన నవ్వి బిస్కెట్లు మానేశారట.

ఇట్లు,
ఒక విశ్వాసి, బాపట్ల జిల్లా