వీణకు మేళం (మైనంలో మెట్ల అమరిక) కట్టినవారికి, గురువుగారి పాఠాలు తిరిగి వినిపించినవారికి నమస్కారాలు

నవరాత్రుల్లో నా కచేరీ అమ్మవారి దయవల్ల బాగా జరిగింది. విన్నవాళ్లు ఇంకా ఫోన్లు చేసి మెచ్చుకుంటున్నారు. ఆ మెప్పులో పెద్ద వాటా కొందరికి చెందాలి. పేర్లు రాయొద్దని వాళ్లు మరీమరీ చెప్పారు కాబట్టి రాయడం లేదు, చేసిన మేలు మాత్రం చెప్పకుండా ఉండలేను.

మాది విజయనగరం. నాది బొబ్బిలి వీణ, ఒకే పనస దుంగలో తొలిచిన ఏకాండి. మా అమ్మ వాయించిన వీణే నాకు వచ్చింది. ఈసారి రోహిణి కార్తె ఎండలకు మెట్లను, అంటే స్వరాలు పలికించే లోహపు కడ్డీలను, పట్టి ఉంచే మైనం మెత్తబడి, పై స్థాయి మెట్లు పక్కకు ఒరిగిపోయాయి. అంతకు ముందే ఏళ్ల తరబడి వాయించిన ఒరిపిడికి మెట్ల మీద తంత్రులు గాళ్లు పెట్టేశాయి. స్వరాన్ని ఊపుతూ గమకం లాగబోతే సారణి (ముఖ్యమైన మొదటి తంత్రి) ఆ గాడిలో ఆగిపోయేది, మంద్రం (కింది స్థాయి) మీటితే జుయ్యిమని మోత. ఒక దుకాణంలో చూపిస్తే "దీని మీద డబ్బు పోయడం దండగ, కొత్తది కొనుక్కోండి" అన్నారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

నా శిష్యురాలి నాన్నగారు బొబ్బిలి దగ్గర గొల్లపల్లికి వెళ్లి, వీణలు చేసే ఒక పెద్దాయనతో మాట్లాడి వచ్చారు. వయసు మీద పడినా ఆయన గుడ్డసంచిలో పనిముట్లు పెట్టుకుని బస్సెక్కి మా ఇంటికే వచ్చారు. దండిని (మెట్లుండే పొడుగు భాగాన్ని) వేళ్లతో తట్టి, చివరనున్న గుండ్రటి కుండకు చెవి ఆనించి విని, "చెక్క గట్టిదమ్మా, దీనికేం కాలేదు" అన్నారు. ఆ మాటతో సగం టెన్షన్ తీరిపోయింది.

పాత మైనం గీకి తీసి, తేనెమైనంలో బొగ్గుపొడి కలిపి కరిగించి, దండికి రెండు వైపులా కొత్తగా పరిచారు. 24 మెట్లనూ ఆకురాయితో అరగదీసి నున్న చేశారు. అసలు పని ఆ తర్వాతే మొదలైంది. మైనం గట్టిపడేలోగా ఒక్కో మెట్టూ దాని స్వరం మీద కూర్చోవాలి. "మెట్టు నేను పెడతాను, స్వరం మీరు చెప్పండమ్మా" అనేవారు. నేను మీటేదాన్ని, ఆయన వెంట్రుకవాసి జరిపేవారు. అంతర గాంధారం (పై గాంధార స్వరం) దగ్గర మాత్రం చాలాసేపు పట్టింది. నాకు బాగానే ఉందన్నా ఆయన ఒప్పుకోలేదు. మళ్లీ మీటించి, ఇంకొంచెం దించి, పై షడ్జంతో పోల్చి చూసి, అప్పుడు తల ఊపారు. ఆ స్వరం పలికినప్పుడల్లా ఆయనకు మనసులో దణ్ణం పెట్టుకుంటున్నాను.

వీణ బాగుపడినా గురువుగారి తానం (తాళం లేకుండా రాగాన్ని లయగా సాగించే వాయింపు) వినందే కచేరీకి సిద్ధం కాలేను. తానాన్ని కాగితం మీద స్వరాలుగా రాసుకుంటే అందులో ప్రాణం ఉండదు, వినాల్సిందే. ఆవిడ నేర్పిన పాఠాలన్నీ కేసెట్లలోనే ఉన్నాయి. మా టేపు రికార్డరు ఏమో బెల్టు సాగిపోయి నీరసంగా నడుస్తోంది. కేసెట్టు టేపు సెకనుకు 4.76 సెంటీమీటర్లు కదలాలి. వేగం తగ్గితే పాట నెమ్మదించడమే కాదు, శ్రుతి కూడా దిగిపోతుంది. మూడు శ్రుతిలో ఉండే గురువుగారి వీణ అర స్వరం కిందకు, రెండున్నరలో వినబడేది, అంటే వేగం ఆరు శాతం దాకా పడిపోయిందన్నమాట.

మా ఊళ్లో రేడియోలు బాగుచేసే మేష్టారు ఒకాయన ఉన్నారు. ఆయన కొత్త బెల్టు తెప్పించి వేశారు, హెడ్డు స్పిరిటుతో తుడిచారు. లోపలి స్పాంజి ముక్క ఊడిపోయిన కేసెట్ల టేపును విప్పి వేరే డొక్కుల్లోకి మార్చారు. అక్కడితో వదిలేసినా నేను సంతోషించేదాన్ని. కానీ ఆయన "సరిగ్గా ఇదేనా మీ గురువుగారి శ్రుతి?" అని అడిగారు. ఆవిడ పిచ్ పైపు నా దగ్గరే ఉందంటే తెమ్మన్నారు. నేను పిచ్ పైపు ఊదుతుంటే, ఆయన మోటారు వెనకనున్న చిన్న మరను సన్న స్క్రూడ్రైవరుతో తిప్పుతూ, టేపులోని వీణ దాంతో కలిసేదాకా వదల్లేదు. సంగీతం నేర్చుకోలేదంటారు గానీ, ఆయన చెవి అద్భుతం. నేను అడగకుండానే నా శ్రుతిపెట్టె మీటలోని గరగర కూడా పోగొట్టారు. బెల్టు ఖరీదు తప్ప ఒక్క రూపాయి తీసుకోలేదు. వాళ్ల అబ్బాయి కేసెట్లన్నీ ఫోనులోకి ఎక్కించి, రాగాల పేర్లు నన్ను అడిగి వరసగా పెట్టి ఇచ్చాడు. చల్లగా ఉండు నాయనా.

మేళం ఆరేదాకా సాధన ఆగకూడదని తన వీణ పంపిన మా సహాధ్యాయినికి, దాన్ని బస్సులో సీటు మీద పెట్టనిచ్చిన కండక్టరుగారికి కూడా కృతజ్ఞతలు.

ఉత్తరాంధ్రలో ఎవరింట్లోనైనా మెట్లు కదిలిన వీణ మూలన ఉంటే నాకు రాయండి. గొల్లపల్లి పెద్దాయనతో మాట్లాడి కలుపుతాను. సంక్రాంతి దాటాక మళ్లీ మా ఊరు వస్తానన్నారు. ఈలోగా వీణను ఎండ తగిలే చోట, వంటింటి గోడ పక్కన పెట్టొద్దని అందరికీ చెప్పమన్నారు.