వార్షిక నివేదిక 2025–26: సర్వసభ్య సమావేశానికి సమర్పణ

గౌరవ సభ్యులందరికీ వందనాలు.

ఈ ఏడు సమితి తరఫున రెండు ఉత్సవాలు జరిగాయి. శ్రీకాకుళం జిల్లా నౌపడ నుంచి ఒడిశాలోని పర్లాకిమిడికి వెళ్లే రైలుకు 125 ఏళ్లు నిండిన సందర్భంగా ఫోటోల ప్రదర్శన పెట్టాం. 1900లో రెండున్నర అడుగుల చిన్న లైనుగా మొదలై, 1931కి గుణుపురం చేరి, 2004లో ఆగి, ఆ తర్వాత బ్రాడ్‌గేజి మీద మళ్లీ కూత పెట్టిన బండి అది. ప్రదర్శన ఒక్క పూటతో సరి.

సమితికి పేరు తెచ్చింది మాత్రం కొండ దిగువ గ్రామంలోని తెలుగు బాప్తిస్టు చర్చి నూరేళ్ల పండుగ. పండుగ కన్నా ముందు తేలాల్సింది తేదీ. ఏ చర్చికైనా మూడు తేదీలుంటాయి: విశ్వాసులు సంఘంగా ఏర్పడినది, గుడికి పునాది వేసినది, ప్రతిష్ఠ చేసినది. వీటి మధ్య ఏళ్ల తేడా ఉండొచ్చు. రాతి మీద కనిపించేది చాలాచోట్ల కట్టడం వయసే. సంఘం వయసు బాప్తిస్మాల రిజిస్టరు చెబుతుంది. స్థలం కాగితాలు వెతికేవారు మరో మాట గుర్తుంచుకోవాలి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా పర్లాకిమిడి మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం జిల్లాలోది, కాబట్టి అంతకుముందు కాగితాలు ఆ పేరుతోనే వెతకాలి.

చర్చి పాత ఫలకం మీద ఏటేటా వేసిన సున్నం పేరుకుని అంకెలు పూడిపోయాయి. తడిపి నానబెట్టి, వెదురు పుల్లతో గీకి, మెత్తటి బ్రష్షుతో కడిగించాం. యాసిడ్ పోద్దామన్న వారిని ఆపాం. పాలరాయిని అది తినేస్తుంది. చీకటి పడ్డాక టార్చి పక్క నుంచి వాల్చి వేస్తే అరిగిన అంకె కూడా నీడతో తేలింది.

రిజిస్టరు పుటలను కిటికీ వెలుగులో, ఫ్లాష్ లేకుండా, పుట సంఖ్య చీటీ పక్కన పెట్టి ఫోటో తీయించాం. నకళ్లు రెండు వేర్వేరు ఇళ్లలో ఉన్నాయి. చిరిగిన పుటలకు దయచేసి సెల్లో టేపు అంటించకండి. జిగురు గోధుమరంగుకు తిరిగి అక్షరాలను మింగుతుంది. లామినేషను ఇంకా ప్రమాదం, మళ్లీ ఊడదు.

కొత్త ఫలకం చెక్కించే ముందు తెలుగు, ఒడియా పాఠాలను అసలు సైజులో కాగితం మీద ముద్రించి ముగ్గురి సంతకాలు తీసుకున్నాం. ఒడియా ఒత్తుల్లో రెండు తప్పులు అక్కడే దొరికాయి. రాయి మీదికెక్కితే దిద్దలేం.

భోజనాలు 600 మందికి అనుకుని 70 కిలోల బియ్యం వండించాం. కొండ ఊళ్ల నుంచి చెప్పకుండా వచ్చినవారు ఎక్కువై చివరి పంక్తికి పప్పు చాలలేదు. వడ్డన పట్టికలో 22 మంది పేర్లు రాసుకుంటే వచ్చింది ఆరుగురు. వారికి చేతులెత్తి దండం. ఊరేగింపు, మైకు అనుమతి కాగితం ఒక ఆఫీసు నుంచి మరో ఆఫీసుకు తిరిగి ముందురోజు సాయంత్రానికి గానీ చేతికి రాలేదు. నెల ముందే ఇచ్చిన దరఖాస్తుకు ఈ తిప్పలేమిటని కార్యవర్గం బాధపడుతోంది.

పాస్టరు గారికి, సంఘ పెద్దలకు, పాత తెలుగు కీర్తనలు నేర్పిన అమ్మలకు, షామియానా అద్దె తీసుకోని సోదరునికి, రిజిస్టరు భద్రపరిచిన కుటుంబానికి, ఒడియా పాఠం దిద్దిన మాస్టారికి కృతజ్ఞతలు. జమాఖర్చులు కోశాధికారి గారు చదువుతారు. ఆడిటు అయింది, బాకీలు లేవు.

వచ్చే ఏడు మిగిలిన చర్చిల రిజిస్టర్లు ఫోటో తీయాలి, వానాకాలం చెమ్మ పట్టకముందే. 2031లో గుణుపురం లైనుకు నూరేళ్లు. పాత టికెట్లు, ఫోటోలు ఉన్నవారు ఇప్పుడే చెప్పండి. ఈ పనికి నలుగురు కావాలి. పేరిచ్చేవారు వస్తామంటేనే ఇవ్వాలని మనవి.

కార్యదర్శి