సర్వసభ్య సమావేశానికి కార్యదర్శి నివేదిక, విజయవాడ

సభ్యులందరికీ నమస్కారం. సంఘం ఆశయాలు మీకు తెలిసినవే కనుక నేరుగా పనిలోకి వస్తాను.

2005లో మావోయిస్టులకు వ్యతిరేకంగా సల్వాజుడుం దళాలు మొదలయ్యాక ఛత్తీస్‌గఢ్‌లోని దంతెవాడ వైపు నుంచి పారిపోయి వచ్చి, చింతూరు అడవుల్లో గుడిసెలు వేసుకున్న మురియా కుటుంబాలకు (మనవాళ్లు గొత్తికోయలంటారు) ఈ ఏడాదీ మందులు చేర్చాం. వాళ్లు దాటింది రాష్ట్రం సరిహద్దే, దేశం సరిహద్దు కాదు. అందుకే కాగితాల్లో శరణార్థులు కారు. వైద్య శిబిరం అనుమతి ఉత్తరానికి ఒకే బల్ల ముందు నాలుగుసార్లు నిలబడ్డాం.

చెప్పుకోవలసింది జులై సంగతి. గోదావరి పోటుకు శబరి ఎగదన్ని రోడ్డు మునిగినా, రెండు మందుల పెట్టెలు నాటుపడవలో అవతలి ఒడ్డుకు చేరాయి. పడవ సరంగుకు, మన మాటను వాళ్ల భాషలో చెప్పిన కోయ ఆశా కార్యకర్తలకు, మందుల జాబితా సరిచూసిన సూర్యారావుపేట డాక్టర్లకు, పెట్టెలు ఊరికే చేసిచ్చిన ఆటోనగర్ మేస్త్రికి సంఘం రుణపడి ఉంది.

ఆ రేకు పెట్టెలే వేసవిలో దెబ్బతీశాయి. మలేరియా పరీక్ష కిట్లు 30 డిగ్రీలు దాటిన చోట పెట్టవద్దని అట్ట మీదే ఉంది; మనం వ్యాను టాపు మీద కట్టాం. చాలావాటిలో కిట్టు పనిచేస్తోందని చూపే కంట్రోల్ గీతే రాలేదు. గీత రాని కిట్టుతో చేసిన పరీక్ష నెగెటివ్ కాదు, చెల్లదంతే. ఇకపై కిట్లు థర్మాకోల్ పెట్టెలో, డ్రైవరు పక్కన. ఇంకోటి: ఫాల్సిపారం (ప్రమాదకరమైన రకం మలేరియా) తగ్గాక కూడా కిట్టు వారాల తరబడి పాజిటివ్ చూపవచ్చు. అది చూసి మళ్లీ కోర్సు మొదలుపెట్టవద్దు.

ఏసీటీ (ఫాల్సిపారం మలేరియాకిచ్చే మాత్రలు) అట్ట రంగు వయసును బట్టి: ఏడాదిలోపు గులాబీ, 1–4 పసుపు, 5–8 ఆకుపచ్చ, 9–14 ఎరుపు, ఆపైన తెలుపు. మూడు రోజులూ మింగాలి. మొదటి రోజే జ్వరం దిగితే మిగతా మాత్రలు చూరులోకి పోతున్నాయి. మరో మలేరియా మాత్ర ప్రైమాక్విన్ గర్భిణులకు, ఏడాదిలోపు పిల్లలకు ఇవ్వకూడదు. ఫిట్స్, మగత ఉంటే మాత్రలతో ఆగక వెంటనే ఆసుపత్రికి పంపాలి.

లీటరు ఓఆర్‌ఎస్ పొడిని గ్లాసు నీళ్లలో కలిపేస్తున్నారు. ఉప్పెక్కువై బిడ్డకు ముప్పు. అందుకే పొట్లంతో పాటు లీటరు ఖాళీ సీసా ఇస్తున్నాం. విరేచనాలకు జింకు ఆరు నెలలు దాటిన పిల్లలకు రోజుకు 20 మిల్లీగ్రాములు, 14 రోజులు.

జమాఖర్చుల పట్టిక కోశాధికారి పంచుతారు. ఆడిట్ అయింది.

వాట్సాప్‌లో "వస్తాం" అన్నవారితో బస్సు నిండాలి. తెల్లవారుజామున వచ్చినవారు వ్యానులో కాళ్లు చాపుకుని కూర్చున్నారు. మాత్రలు మింగించడానికి రెండో, మూడో రోజుల్లో ఊళ్లో ఉండే మనిషి కావాలి. ఆ జాబితా ఇప్పుడే సభలో తిప్పుతున్నాం. సెలవు మంజూరయ్యాకే పేరు రాయండి.