ఆగకూడని రైలు గురించి అమ్మాయికి ఉత్తరం

విజయవాడ

చిరంజీవి శ్రావణికి, నాన్న ఆశీస్సులు.

జపాన్‌లోని సెందాయ్ నుంచి నువ్వు రాసిన ఉత్తరం చేరింది. షింజి హిగుచి దర్శకత్వంలో 2025లో వచ్చిన బుల్లెట్ ట్రైన్ ఎక్స్‌ప్లోజన్ సినిమా చూశానని, నువ్వు ఎక్కి తిరిగే హయబుసా రైలే బాంబుతో పరుగెత్తుతుంటే ఊపిరి బిగబట్టి కూర్చున్నానని రాశావు. దానికి మూలమైన 1975 నాటి సినిమాను నేను అంతకన్నా మెచ్చుకోవడానికి కారణం అడిగావు. నా ఉద్యోగమంతా కంట్రోల్ ఆఫీసులో, రైళ్లను నడిపించడంలోనే గడిచింది కనుక ఈ ప్రశ్నకు శ్రద్ధగా జవాబు రాయాలనిపించింది.

జున్యా సాతో తీసిన ఆ చిత్రం పేరు షింకాన్‌సెన్ దైబకుహా, అంటే బుల్లెట్ రైలు మహా పేలుడు. టోక్యో నుంచి హకాతాకు సుమారు 1500 మందితో బయలుదేరిన హికారి 109 అనే బుల్లెట్ రైలులో బాంబు ఉందని, వేగం గంటకు 80 కిలోమీటర్ల కన్నా తగ్గితే పేలుతుందని ఫోన్ వస్తుంది. అది ఉత్త బెదిరింపు కాదని చూపడానికి నేరస్థులు హొక్కైదోలో ఒక గూడ్సు బండిని పేల్చివేస్తారు. అడిగినది 50 లక్షల డాలర్లు. హకాతా తరువాత అప్పటికి పట్టాలు లేవు కనుక గడువు ఎవరూ ప్రత్యేకంగా పెట్టనక్కరలేదు. హకాతా వరకు లైను ఆ సంవత్సరం మార్చిలోనే ప్రారంభమైంది. సినిమా జులైలో విడుదలైంది. దేశమంతా గర్వపడుతున్న కొత్త దారి మీద ఆ కథను నడిపించారు.

రైలు నడిపే విద్య మొత్తం ఒక్క నమ్మకం మీద నిలబడి ఉందమ్మా: అనుమానం వస్తే ఆపాలి. బండి ఎక్కడుందో పట్టాల్లోని కరెంటుతో కనిపెట్టే ట్రాక్ సర్క్యూట్ చెడితే సిగ్నల్ ఎర్రదీపానికి పడిపోయేలా, వేగం మితిమీరితే బ్రేకు తానే పడేలా, భూమి కంపిస్తే కరెంటు తెగి బండ్లు నిలిచిపోయేలా ఏర్పాట్లన్నీ ఆ నమ్మకంతోనే చేస్తారు. 1964లో మొదలైన షింకాన్‌సెన్‌లో ఇంతవరకు రైళ్లు ఢీకొనడం వల్ల గాని, పట్టాలు తప్పడం వల్ల గాని ఒక్క ప్రయాణికుడూ మరణించలేదంటే, 2011 భూకంపంలో మీ ప్రాంతపు బుల్లెట్ రైళ్లలోని ప్రయాణికులు ప్రాణాలతో బయటపడ్డారంటే, ఆ ఏర్పాట్ల పుణ్యమే. ఈ కథలో బాంబు సరిగ్గా ఆ నమ్మకాన్నే తలకిందులు చేస్తుంది. ప్రాణాలు కాపాడవలసిన బ్రేకే ప్రాణాలు తీసేదవుతుంది. మనుషులను కాయడానికి పుట్టిన యంత్రాంగాన్ని మనుషులే అడ్డుకోవలసి వస్తుంది. ఇంత భయంకరమైన ఆలోచన రైల్వేను లోతుగా అర్థం చేసుకున్నవారికే తడుతుంది.

హమామాత్సు దగ్గర ఘట్టాన్ని జాగ్రత్తగా చూడు. ముందు వెళ్తున్న బండి చెడిపోయి డౌన్ లైనులో, అంటే హకాతా వైపు వెళ్లే పట్టాల మీద, నిలిచిపోతుంది. వెనుక వస్తున్న హికారి 109ను టోక్యో వైపు వచ్చే అప్ లైనులోకి మళ్లించి, దాన్ని దాటించి, మళ్లీ తన దారిలోకి తేవాలి. ఆ అప్ లైనులో ఎదురుగా మరొక రైలు వస్తోంది. బండి ఒక లైను నుంచి మరో లైనుకు మారే పాయింట్ల మీద వేగం తగ్గించక తప్పదు, 80 కిందికి దిగడానికి వీల్లేదు. అక్కడ కంట్రోల్ అధికారి కురామోచి ముఖం చూస్తే నాకు అరచేతులు చెమర్చాయి. డ్రైవరుకు కనీసం ముందున్న దారి కనిపిస్తుంది. కురామోచికి కనిపించేవి బోర్డు మీది దీపాలు, చెవికి వినిపించేది ఫోనులో ఒక గొంతు, అంతే. ఆ పాత్రలో కెన్ ఉత్సుయి గొంతు పెంచకుండా మాట్లాడిన తీరు అచ్చంగా మా వృత్తిది. డ్రైవరు అఓకిగా నటించిన సోనీ చిబా బాగానే చేశాడు.

నేరస్థుల సంగతి మరొకటి. కెన్ తకాకురా పోషించిన ఒకితా దివాలా తీసిన చిన్న కార్ఖానా యజమాని. అతని తోడు ఒకడు ఉద్యమంలో ఓడిపోయిన పాత విద్యార్థి, మరొకడు ఒకినావా నుంచి వచ్చిన యువకుడు. 1973 చమురు సంక్షోభంతో జపాన్ శరవేగపు అభివృద్ధికి కళ్లెం పడిన కాలమది. ఆ వేగం వెనక్కి తోసేసినవారే ఆ వేగానికి గుర్తయిన రైలును పట్టుకున్నారన్న విషయాన్ని సినిమా ఉపన్యాసంగా చెప్పదు, వాళ్ల బతుకులు చూపి ఊరుకుంటుంది. ముగింపు నీకు చెప్పను.

అప్పటి జపాన్ జాతీయ రైల్వే ఈ చిత్రానికి సహకరించలేదు. ఎవరైనా దీన్ని చూసి అనుకరిస్తారేమోనని భయపడింది. అందుకే సెట్లు, చిన్న నమూనా రైళ్లతో పని కానిచ్చారు. కొన్నిచోట్ల నమూనా అని తెలిసిపోతుంది, అయినా బిగువు సడలదు. నువ్వు చూసిన కొత్త చిత్రానికి మీ ప్రాంతపు రైళ్లు నడిపే జేఆర్ ఈస్ట్ సంస్థే తోడ్పడింది కనుక నిజమైన బండి, నిజమైన డ్రైవరు గది దొరికాయి. అందులో వేగం తగ్గకూడని హద్దు గంటకు 100 కిలోమీటర్లు. అడిగిన 10,000 కోట్ల యెన్‌లు ప్రజలందరి నుంచీ రావాలనడం ఈ కాలానికి తగిన మంచి ఊహ. రైల్వే సిబ్బంది పట్ల గౌరవం అందులోనూ నిండుగా ఉంది. అయినా నేరం చేసినవాడి ఇల్లు, అతని అప్పులు మనసుకు తగిలినది పాతదానిలోనే.

విదేశాల కోసం ఆ చిత్రాన్ని బాగా కుదించి, ముఖ్యంగా నేరస్థుల గతాన్ని కోసేసి విడుదల చేశారు. ఆ ప్రతి చూడవద్దు. జపాన్‌లోనే ఉన్నావు కనుక రెండున్నర గంటల పూర్తి ప్రతిని వెతికి చూడు. చూశాక కురామోచి చివరకు తీసుకునే నిర్ణయం నీకు న్యాయమనిపించిందో లేదో వివరంగా రాయి. నా అభిప్రాయం ఆ తరువాతే చెబుతాను.

ఇట్లు,
నాన్న